గురి తప్పేది మీ చెయ్యా, మీ పెల్లెటా?

ఈ ఎపిసోడ్ కొంచెం లెక్కలతో ఉంటుంది, కానీ ఇంటర్ లెక్కలు కాదు, ఎనిమిదో క్లాసు లెక్కలే. కాబట్టి భయపడకండి.

అవనిగడ్డ వైపు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్నతో మొదలుపెడతాను. "అన్నా, అమెరికాలో వాళ్లు ఇంట్లో కూర్చుని తూటాలు తయారు చేసుకుంటున్నారు, వీడియోలు చూశాను. దాంతో గురి బాగా కుదురుతుందంట. మా తాతగారి పేరు మీద లైసెన్స్ తుపాకీ ఉంది. మనం కూడా చేసుకోవచ్చా?" ఇదీ ప్రశ్న. దీనికి ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. వద్దు. ఎందుకు వద్దో చెప్తాను. ఆ తర్వాత, ఆ వీడియోల్లో ఉన్న అసలు తెలివి ఏంటో, దాన్ని మన గుడివాడలోనో బందరులోనో చట్టబద్ధంగా ఎలా వాడుకోవచ్చో చెప్తాను. ఆ రెండో భాగమే నాకు ముఖ్యం.

ముందు చట్టం సంగతి

1959 ఆయుధాల చట్టంలో సెక్షన్ 5 అని ఒకటి ఉంది. లైసెన్స్ లేకుండా తుపాకీ గానీ, తూటా గానీ తయారు చేయకూడదు. తాతగారి దగ్గర ఉన్నది తుపాకీ దగ్గర పెట్టుకోవడానికి ఇచ్చిన లైసెన్స్. అది తూటా తయారీకి లైసెన్స్ కాదు. ఈ రెండూ వేరు. 2019లో చట్టాన్ని సవరించాక, లైసెన్స్ లేకుండా తయారు చేసినందుకు శిక్ష 7 ఏళ్ల నుంచి మొదలై యావజ్జీవం దాకా వెళ్తుంది. అంటే సరదాకి చేశాను సార్ అంటే వినే సెక్షన్ కాదు అది.

ఇక వేట సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన చేల మీద, చెరువుల మీద వాలే పక్షుల్లో దాదాపు అన్నింటికీ రక్షణ ఉంది. కొంగలు, నీటికాకులు, బాతులు, అన్నీ. చంపితేనే వేట కాదు, చంపడానికి ప్రయత్నించినా వేటే. దివిసీమ చివర కృష్ణా అభయారణ్యం ఉంది, మడ అడవులు ఉన్నాయి, అందులో చేపలు పట్టే పిల్లి, అదే బావురు పిల్లి, తిరుగుతుంది. రొయ్యల చెరువు దగ్గర ఎయిర్ గన్ పట్టుకుని నీటికాకుల్ని కొడుతున్న కుర్రాళ్లని మీరు చూసే ఉంటారు. అది నేరం. ఇంకో మాట కూడా వినండి. నీళ్ల మీద తక్కువ కోణంలో తగిలిన పెల్లెట్ లోపలికి మునగదు, రాయి విసిరితే కప్పగంతులు వేసినట్టు పైకి లేచి పోతుంది. చెరువు అవతలి గట్టు మీద ఎవరున్నారో మీకు తెలియదు కదా.

సరే. చట్టం అయిపోయింది. ఇప్పుడు తెలివి సంగతి.

ఆ వీడియోల్లో వాళ్లు నిజంగా చేస్తున్నది ఏంటి?

తూటా అంటే నాలుగు భాగాలు. ఇత్తడి గొట్టం, కింద నిప్పు రాజేసే ప్రైమర్, లోపల మందు, పైన బుల్లెట్. ఫ్యాక్టరీ లక్షల తూటాలు తయారు చేస్తుంది. ఒక్కోదానికీ ఇంకోదానికీ కొంచెం తేడా ఉంటుంది. చేత్తో తయారు చేసుకునేవాళ్లు ఆ తేడాని తగ్గిస్తారు. వాళ్లు చాలామంది ఎక్కువ పవర్ కోసం చేయరు. ప్రతి తూటా పక్కదానికి అచ్చు కవలలా ఉండాలని చేస్తారు. రెండోది, వాళ్ల తుపాకీ గొట్టానికి ఏ బుల్లెట్ నప్పుతుందో ఓపిగ్గా వెతుకుతారు.

పెడన వెళ్లి కలంకారీ అద్దకం చూడండి. చెక్క అచ్చు ఎంత అందంగా ఉన్నా, రెండో రంగు అచ్చు ఒక్క మిల్లీమీటరు పక్కకి పడితే పువ్వు చెడిపోతుంది. వెయ్యిసార్లు కొట్టినా అదే చోట, అదే ఒత్తిడితో కొట్టేవాడే పనివాడు. గురి కూడా అంతే. ఒకసారి మధ్యలో కొట్టడం గొప్ప కాదు, ప్రతిసారీ ఒకేచోట కొట్టడం గొప్ప. ఒకేచోట పడుతుంటే సైట్ తిప్పి ఆ చోటుని మధ్యకి తెచ్చుకోవడం రెండు నిమిషాల పని.

ఇదే పనిని లైసెన్స్ అక్కర్లేని 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో చేయొచ్చు. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 0.177 అంటే 4.5 మి.మీ. బోరు దాటకుండా, 20 జౌళ్ల శక్తి మించకుండా ఉండే ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ అడగరు. కొనేటప్పుడు గుర్తింపు కార్డు చూపించాలి. పోటీలో వాడే మ్యాచ్ రైఫిల్ పెల్లెట్‌ని సెకనుకి సుమారు 170 మీటర్ల వేగంతో పంపుతుంది. 0.53 గ్రాముల పెల్లెట్‌తో లెక్క వేస్తే 8 జౌళ్లు కూడా రాదు. కాబట్టి మనం హద్దుకి చాలా కిందే ఉన్నాం.

ఇక్కడ మందు ఉండదు, ప్రైమర్ ఉండదు. గాలి ఒత్తిడి రైఫిల్ చూసుకుంటుంది. మీ చేతిలో మిగిలేది ఒక్కటే, పెల్లెట్ ఎంపిక.

ఎందుకింత పట్టింపు? ఒక్క పాయింట్ విలువ

10 మీటర్ల టార్గెట్‌లో 10 అని ఉండే చుక్క వ్యాసం 0.5 మి.మీ. పెల్లెట్ అంచు ఆ చుక్కని తాకితే చాలు, 10 వస్తుంది. ఇప్పుడు పోటీల్లో దశాంశాల్లో లెక్క వేస్తారు. 10.0 నుంచి 10.9 దాకా. పెల్లెట్ కేంద్రం టార్గెట్ కేంద్రానికి ప్రతి 0.25 మి.మీ. దగ్గరైతే 0.1 పెరుగుతుంది. 60 షాట్లు, అన్నీ 10.9 కొడితే 654.

ఇప్పుడు లెక్క చూడండి. సగటున ఒక్కో షాట్ 0.25 మి.మీ. దగ్గరైతే ఎంత వస్తుంది? 60 సార్లు 0.1, అంటే 6 పాయింట్లు. పావు మిల్లీమీటరు అంటే మీ గోరు మందం కంటే తక్కువ.

దశాంశాలు లేని రోజుల్లో కూడా ఇలాగే ఉండేది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 600కి 595 కొట్టాడు. ఫైనల్‌కి వెళ్లలేకపోయాడు. స్కోరు సమానమైనప్పుడు విడదీసే లెక్కలో ఆగిపోయాడు. అదే పోటీలో 596 కొట్టిన అభినవ్ బింద్రా ఫైనల్‌కి వెళ్లి బంగారు పతకం తెచ్చాడు. నాలుగేళ్ల తర్వాత, 2012 లండన్‌లో, గగన్ అదే ఈవెంట్‌లో 701.1తో కాంస్యం గెలిచాడు. గగన్ పెల్లెట్ వల్ల ఓడాడని నేను అనట్లేదండోయ్. 595కీ 596కీ మధ్య ఎంత ఉంటుందో చూపిస్తున్నాను, అంతే.

డబ్బా మీద ఉన్న అంకెలు

జర్మనీలో ఆర్‌డబ్ల్యూఎస్, హెచ్ అండ్ ఎన్, చెక్ రిపబ్లిక్‌లో జేఎస్‌బీ, ఇవి పేరున్న మ్యాచ్ పెల్లెట్ కంపెనీలు. డబ్బా మీద 4.49, 4.50, 4.51 అని ఉంటుంది. అది పెల్లెట్ తల వ్యాసం. తేడా మిల్లీమీటరులో వందో వంతు. ఇంత చిన్న తేడా ఎందుకంటే, ఏ రెండు బ్యారెళ్లూ సరిగ్గా ఒకేలా ఉండవు. తల వదులైతే పెల్లెట్ గొట్టంలో కొంచెం వంకరగా కూర్చుంటుంది, బిగుతు మరీ ఎక్కువైతే సీసం నలుగుతుంది. మీ ఫ్రెండ్‌కి 4.50 నప్పిందని మీకూ నప్పాలని లేదు. చెప్పుల సైజు లాంటిదే ఇది.

"అన్నా, చిన్న తక్కెడ కొని పెల్లెట్లని ఒక్కొక్కటీ తూచి వేరు చేయమంటావా?" అని అడుగుతారు. దాని లాభం ఎంతో లెక్కేద్దాం. సెకనుకి 172 మీటర్ల వేగంతో పెల్లెట్ 10 మీటర్లు దాటడానికి 0.058 సెకన్లు పడుతుంది. ఆ లోపు భూమి దాన్ని సుమారు 16.6 మి.మీ. కిందకి లాగుతుంది. ఒక పెల్లెట్ బరువు 1 శాతం ఎక్కువ ఉందనుకోండి. అదే శక్తితో బయటికి వస్తే వేగం సుమారు అర శాతం తగ్గుతుంది. పడిపోవడం 1 శాతం పెరుగుతుంది. అంటే 0.17 మి.మీ. కిందకి. పావు మిల్లీమీటరు కూడా లేదు. మంచి డబ్బాలో తేడా అంతకంటే తక్కువే ఉంటుంది. కాబట్టి 500 పెల్లెట్లు తూచడానికి ఆదివారం పాడుచేసుకోవద్దు. దానికి బదులు ఒక్కొక్కటీ వెలుతురులో తిప్పి చూడండి. కింద లంగా లాంటి అంచు నొక్కుకుపోయినవి, తల మీద గీత పడినవి పక్కన పెట్టేయండి. ఆ పని పది నిమిషాల్లో అయిపోతుంది.

అదే రైఫిల్ గాలి ఒత్తిడిలోనే తేడా వచ్చి వేగం 172 నుంచి 169కి పడిందనుకోండి, అప్పుడు 0.6 మి.మీ. కిందకి పడుతుంది. 10.6 కాస్తా 10.4 అవుతుంది. అంటే పెల్లెట్ తూచడం కంటే రైఫిల్ సర్వీసింగ్ ముఖ్యం.

పరీక్ష ఎలా చేయాలి

మొదట చోటు. 10 మీటర్లంటే 33 అడుగులకి కాస్త తక్కువ. పొడవాటి గది గానీ, ఖాళీ గోడౌన్ గానీ దొరికితే చాలు. ఇంకో తలుపు నుంచి మనిషి లోపలికి వచ్చే వీలు ఉండకూడదు. వెనక పెల్లెట్‌ని పట్టి ఆపే లోహపు పెట్టె ఉండాలి. ఆరుబయట వద్దు, మన సముద్రపు గాలి పెల్లెట్‌ని పక్కకి నెడుతుంది, అప్పుడు మీరు పరీక్షించేది గాలిని.

రెండోది, రైఫిల్‌ని ఆనించండి. బిగించే వైస్ ఉంటే మంచిది. లేకపోతే టేబుల్ మీద ఇసుక సంచి. ఉద్దేశం ఏంటంటే, మీ చేతి వణుకుని లెక్కలోంచి తీసేయాలి. స్ప్రింగ్ రైఫిల్ అయితే గట్టిగా బిగించొద్దు. అది పేలినప్పుడు ఎగురుతుంది, కాబట్టి మెత్తగా పట్టుకుని ప్రతిసారీ ఒకే చోట ఆనించండి.

మూడోది, పెల్లెట్ రకం మార్చినప్పుడల్లా ముందు ఓ 15, 20 షాట్లు ఊరికే కొట్టండి. గొట్టం లోపల కొత్త సీసం పొర సర్దుకోవాలి. అవి లెక్కలోకి రావు.

నాలుగోది, ఒక్కో రకానికి 10 షాట్లు, ఒక్కో టార్గెట్ మీద. మొదటిరోజు వరస 4.49, 4.50, 4.51 అయితే, రెండోరోజు తిరగేసి 4.51 నుంచి మొదలుపెట్టండి. లేకపోతే చివర వచ్చే రకానికి మీ అలసట అంటుకుంటుంది. వీలైతే ఏ గిన్నెలో ఏ రకం ఉందో మీ చెల్లినో తమ్ముడినో దాచిపెట్టమనండి. ఖరీదైన డబ్బా మీద మనకి ముందే ప్రేమ ఉంటుంది కదా.

ఐదోది, మూడు వేర్వేరు రోజులు చేయండి. ఒక్కో రకానికి మొత్తం 30 షాట్లు అవుతాయి.

"30 ఎందుకన్నా, 5 కొడితే తెలిసిపోదా?" అంటే, తెలియదు. ఇది ఈ ఎపిసోడ్‌లో అసలైన ముక్క, కాస్త శ్రద్ధగా వినండి.

5 షాట్లు చెప్పే అబద్ధం

గ్రూప్ అంటే దూరంగా పడిన రెండు రంధ్రాల కేంద్రాల మధ్య దూరం. ఒక పెల్లెట్ సహజమైన చెదురు, పక్కకీ పైకీ, 1 మి.మీ. అనుకుందాం. అదే పెల్లెట్‌తో 3 షాట్లు కొడితే సగటు గ్రూప్ 2.4 మి.మీ. వస్తుంది. 5 కొడితే 3.1. 10 కొడితే 3.8. పెల్లెట్ మారలేదు, రైఫిల్ మారలేదు, షాట్లు పెరిగాయి, గ్రూప్ పెరిగింది. కాబట్టి ఎవరైనా మూడు షాట్ల గ్రూప్ ఫొటో పెట్టి మీ పది షాట్ల గ్రూప్‌ని వెక్కిరిస్తే పట్టించుకోకండి.

ఇంకోటి చూడండి. అదే పెల్లెట్‌తో 5 షాట్ల గ్రూప్ మళ్లీ మళ్లీ కొడితే, మూడింట రెండుసార్లు అది 2.2కీ 3.9కీ మధ్య ఎక్కడైనా రావచ్చు. మిగతాసార్లు ఇంకా అటో ఇటో పోతుంది. ఇప్పుడు మీ ముందు పది డబ్బాలు ఉన్నాయనుకోండి. నిజానికి పదింట్లోనూ ఒకే సరుకు ఉంది, మీకు తెలియదు. ఒక్కోదానితో 5 కొట్టారు. ఒకటి 2 మి.మీ. దగ్గర వస్తుంది, ఇంకోటి 4 దాటుతుంది. మీరు ఏమంటారు? "దొరికింది రా బంగారం!" అని ఆ 2 వచ్చిన డబ్బాలు ఇరవై కొనేస్తారు. దొరికింది బంగారం కాదు, అదృష్టం. ఒక్క ఓవర్ చూసి బ్యాట్స్‌మన్‌ని టీమ్‌లోకి తీసుకున్నట్టు.

చిలకలపూడి రోల్డ్ గోల్డ్ కూడా చూపుకి బంగారమే. ఎన్నాళ్లు వాడితే దాని సంగతి తెలుస్తుందో మన ఇళ్లల్లో ఆడవాళ్లని అడగండి. పెల్లెట్‌కీ అదే సూత్రం.

కొలిచేటప్పుడు కూడా దూరంగా పడిన ఆ రెండింటినే చూడకండి. 10 రంధ్రాల మధ్య బిందువు గుర్తించి, అక్కడి నుంచి ఒక్కోటి ఎంత దూరమో కొలిచి సగటు తీయండి. అప్పుడు పది షాట్లూ సాక్ష్యం చెప్తాయి, రెండే కాదు. మూడు రోజుల సగటుల్లోనూ ఒకే రకం ముందుంటే అది మీది. మూడు రకాలూ దగ్గర దగ్గరగా వస్తే? అప్పుడు చవకైనది కొనండి. అదీ ఒక ఫలితమే, ఇంట్లోవాళ్లకి డబ్బు మిగిల్చే ఫలితం.

పెద్ద స్థాయిలో కూడా ఇదే చేస్తారు. 50 మీటర్ల 0.22 రైఫిల్ షూటర్లు ఎలీ, లాపువా లాంటి కంపెనీల పరీక్షా కేంద్రాలకి తమ రైఫిల్ తీసుకెళ్తారు. అక్కడ దాన్ని బిగించి, వేర్వేరు లాట్ల తూటాలు కాల్చి, నప్పిన లాట్‌నే కొంటారు. వాళ్లు తూటా తయారు చేయరు, వెతుక్కుంటారు. మన పనికీ వాళ్ల పనికీ పేరు తేడానే.

ఇప్పుడు మొదటి ప్రశ్న: చెయ్యా, పెల్లెటా?

చెదురు రెండు చోట్ల నుంచి వస్తుంది. మీ చెయ్యి ఒకటి, పెల్లెట్ ఒకటి. ఇవి మామూలుగా కూడవు. ఒక్కోదాన్ని వర్గం చేసి, కూడి, వర్గమూలం తీయాలి. పైథాగరస్ సిద్ధాంతమే.

కొత్తగా నేర్చుకుంటున్న పిల్లాడు, చేతి చెదురు 2 మి.మీ., పెల్లెట్ చెదురు 1 మి.మీ. 4 ప్లస్ 1, 5. వర్గమూలం 2.24. ఇప్పుడు ఖరీదైన పెల్లెట్ కొని దాని చెదురుని సగానికి తగ్గించాడు, 0.5. మొత్తం 2.06 అయింది. అంత ఖర్చు పెడితే తగ్గింది 0.18.

అదే పిల్లాడు పెల్లెట్ మార్చకుండా, రోజూ ఊపిరి, ట్రిగ్గర్ సాధన చేసి చేతి చెదురుని 2 నుంచి 1.5కి తెచ్చాడు. 2.25 ప్లస్ 1, 3.25. వర్గమూలం 1.80. తగ్గింది 0.44. రెండింతల కంటే ఎక్కువ లాభం, రూపాయి ఖర్చు లేకుండా.

కానీ రాష్ట్రస్థాయి షూటర్, చేతి చెదురు 1 మి.మీ. ఉన్న అమ్మాయి, అదే పెల్లెట్ మార్పు చేస్తే 1.41 నుంచి 1.12కి వస్తుంది. 0.29 తగ్గింది. పావు మిల్లీమీటరు కంటే ఎక్కువ. ఆ అమ్మాయికి ఆ డబ్బా ఖర్చు న్యాయమే.

నేను ఇది ఎందుకు ఇంత సాగదీసి చెప్తున్నానంటే, మన వైపు షూటింగ్ నేర్చుకునే పిల్లల వెనక ఎవరున్నారో నాకు తెలుసు. వరి అమ్మిన డబ్బు, రొయ్య అమ్మిన డబ్బు. స్కోరు రాకపోతే నాన్న ఇంకో ఖరీదైన డబ్బా తెస్తాడు. అప్పటికీ రాకపోతే "మనవాడికి రాదులే" అని మానిపించేస్తారు. రెండూ తప్పే. టేబుల్ మీద ఆనించి 10 షాట్లు కొడితే ఒక్క సాయంత్రంలో తెలిసిపోతుంది. ఆనించినా చెదిరితే సామాను చూడండి. ఆనిస్తే ఒకేచోట పడి, నిలబడితే చెదిరితే సాధన చూడండి. ఏదైనా పిల్లాడిని నిందించే ముందు ఆ పరీక్ష చేయండి.

మన డెల్టాకి ప్రత్యేకంగా రెండు మాటలు

ఒకటి, ఉప్పు గాలి. బందరు, నాగాయలంక, కోడూరు వైపు ఇనుము ఎలా తుప్పు పడుతుందో చెప్పక్కర్లేదు. వాడాక రైఫిల్ పైభాగాన్ని కొద్దిగా నూనె రాసిన గుడ్డతో తుడవండి, గొట్టం లోపల మాత్రం నూనె పోయకండి. పెల్లెట్ల డబ్బాని గాలి చొరని ప్లాస్టిక్ పెట్టెలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. పెల్లెట్ మీద తెల్లటి పొడి పట్టిందంటే సీసం పాడైంది. అది వాడొద్దు, ఒట్టి చేత్తో నలపొద్దు.

రెండు, సీసం విషం. 500 పెల్లెట్ల డబ్బా అంటే 265 గ్రాముల సీసం. కొంతమంది పిల్లలు పెల్లెట్లు పెదాల మధ్య పెట్టుకుని ఒక్కొక్కటీ తీసి లోడ్ చేస్తారు, స్టైల్‌గా ఉంటుందని. దయచేసి వద్దు. కాల్చిన చేత్తో పకోడీ తినొద్దు, సబ్బుతో కడుక్కున్నాకే ఏదైనా. నేలని పొడి చీపురుతో ఊడ్చితే దుమ్ము లేస్తుంది, తడిగుడ్డతో తుడవండి. వాడిన పెల్లెట్లని కాలవలో, చెరువులో పారేయొద్దు. బాతులు రాయి అనుకుని మింగుతాయి. డబ్బాలో పోగేసి పాత సీసం కొనేవాళ్లకి ఇచ్చేయండి.

అవనిగడ్డ తమ్ముడూ, తాతగారి తుపాకీని దాని మానాన ఉండనీ. నీకు నచ్చింది ఆ తయారీ వెనక ఉన్న ఓపిక అయితే, దానికి ఒక ఎయిర్ రైఫిల్, మూడు డబ్బాలు, ఒక నోటుబుక్కు చాలు. నోటుబుక్కులో తేదీ, పెల్లెట్ రకం, డబ్బా మీది లాట్ నంబరు, 10 దూరాలు, వాటి సగటు రాయి.

తర్వాతి ఎపిసోడ్‌లో ట్రిగ్గర్ మీద వేలు ఎక్కడ పెట్టాలో చూద్దాం. ఉంటానండి, నమస్తే.